పొలము గట్టున నోటు పుస్తకము

(కట్టంగూరులో జరిగిన రైతు సదస్సులో వ్యవసాయ శాస్త్ర ఉపన్యాసకుడొకరు చేసిన ప్రసంగ పాఠము)



విత్తనముల గురించి, ఎరువుల గురించి చెప్పవలసినది నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పినారు. నేను చెప్పబోవునది దాదాపు ఖర్చు లేని పని. దానికి కావలసినవి ఒక నోటు పుస్తకము, ఒక పెన్సిలు, మీ రెండు కళ్ళు. మీ చెలకలో, గట్టున, చెరువు కట్టపైన, బీడులో మీరు నాటని మొక్కలు, మీరు పెంచని జంతువులు, పక్షులు, పురుగులు ఎన్నో ఉన్నవి. వాటిని చూచినప్పుడు తేదీ వేసి వ్రాసి ఉంచుకొనండి. నేను కోరునది ఇంతే.

ఇది పట్నము వారి సరదా గదా, మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. నా అభిప్రాయమును మార్చినది ఈ మండలములోనే ఒక పెద్దయ్య అడిగిన ప్రశ్న.

సమాధానము లేని ప్రశ్న

కొన్ని సంవత్సరముల క్రిందట పత్తిలో గులాబిరంగు కాయతొలుచు పురుగును చూచుటకు ఇటు వచ్చినాను. పని ముగిసినాక వేపచెట్టు క్రింద కూర్చున్నాము. అప్పుడొక పెద్దయ్య, "సారూ, రాబందులు ఎప్పుడు పోయినయి?" అని అడిగినాడు. ఆయన చిన్నతనములో పశువు చచ్చినదంటే, ఊరి బయట వేసిన కొంతసేపటికే అవి గుంపుగా దిగేవట. సాయంకాలమునకు ఎముకలు తప్ప మిగిలేవి కావట. ఇప్పుడు కుక్కలు తప్ప వచ్చునవి లేవు, వాసన వారము రోజులుండును అన్నాడు.

నేను ఎం.ఎస్‌సి. చదివినవాడను. ఏమియు చెప్పలేకపోయినాను. ప్రక్కనున్నవారిని అడిగినాను. "మా పెద్దబిడ్డ పెండ్లికి ముందే పోయినయి" అన్నారొకరు. లెక్క వేయగా అది 1988. "లేదు, నేను బొంబాయి నుంచి వాపసు వచ్చిన ఏడు గూడ మూడు నాలుగు చూసిన" అన్నారు మరొకరు. అది 1999. మూడవ ఆయన, "అవి యాడికీ పోలేదు, మనమే తల ఎత్తి చూస్తలేం" అన్నాడు. ఒకే ఊరివారు, ఒకే పక్షి, 11 సంవత్సరముల తేడా. వారిలో ఎవరును అబద్ధమాడలేదు. కాని ఎవరి వద్దను తేదీ వేసిన కాగితము లేదు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద కేవలదేవ్ పార్కులో మాత్రము లెక్క వ్రాసినవారు ఉన్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ 1980ల మధ్యలో అక్కడి రాబందులను లెక్కించినారు. 1990ల చివర మరల లెక్కించినారు. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టగా, నూటికి 95కు పైగా తగ్గిపోయినట్లు తేలినది. పాత లెక్క లేకపోయిన యెడల క్రొత్త లెక్కకు అర్థమే ఉండకపోవును. ఆ రెండు లెక్కలను చూచిన తరువాతనే శాస్త్రజ్ఞులు కారణము కొరకు వెదకినారు. పాకిస్తాన్‌లో పరిశోధన చేసిన బృందమొకటి 2004లో ఆ కారణమును ప్రకటించినది. అది పశువులకు నొప్పి తగ్గుటకు వేయు డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు వేసిన పశువు కొద్ది రోజులలో చచ్చిన యెడల, దాని మాంసము తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి ప్రాణము పోవును. మన ప్రభుత్వము 2006లో ఆ మందును పశువులకు వాడరాదని నిషేధించినది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ మందులను కూడ పశువులకు నిషేధించినది. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. మీ పశువుకు నొప్పి మందు అవసరమైనపుడు పశువైద్యుని ఈ మాట అడుగుట మరువకండి.

ఒక్క క్షణము ఆలోచించండి. మందు పడినది రైతు పశువుకు. పక్షి చచ్చినది రైతు ఊరి బయట. ముందుగా చూచినది కూడ రైతే. మన జిల్లాలో పది ఊళ్ళలో పది మంది ఏటేటా "ఈ ఏడు ఇన్ని" అని వ్రాసి ఉంచినచో, ఆ నష్టము ఎన్నో ఏండ్ల ముందే బయటపడి ఉండును. మన రాష్ట్రములో రాబందులు పూర్తిగా పోలేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని పాలరాపు గుట్టపై 2013లో వాటి గూళ్ళు కనుగొన్నారు. కాని మన ఊళ్ళ నుండి అవి ఏ సంవత్సరమున పోయినవో ఇక ఎన్నటికిని తెలియదు.

మన పెద్దలకు ఇది క్రొత్త కాదు

చూచుట, గుర్తుంచుకొనుట మన పెద్దలకు క్రొత్త విద్య కాదు. తొలకరి పడినాక మన ఎర్ర చెల్కలలో మఖమలు గుడ్డ వలె మెత్తగా, ఎర్రగా పాకు జీవిని ఏమందురు? ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతమున ప్రవేశించును. అనగా ఆ జీవి ఏ కాలమున బయటికి వచ్చునో మన పెద్దలు కనిపెట్టి, ఆ కాలమునే దానికి పేరుగా పెట్టినారు. నిజమునకు అది పురుగు కాదు, నల్లి జాతిది. లెక్కపెట్టిన 8 కాళ్ళుండును. పంటకు హాని చేయదు. చిన్న పురుగులను, వాటి గ్రుడ్లను తినును.

పేరులో కాలమున్నట్లే మరికొన్నిటి పేర్లలో చోటు ఉండును. కడప ప్రాంతమున కలివి పొదలలో తిరుగు ఒక పక్షిని అక్కడివారు కలివి కోడి అందురు. 1848లో దానిని శాస్త్రలోకమునకు తెలిపినవాడు జెర్డన్ అను ఆంగ్లేయుడు. అతడు వృత్తిచే వైద్యుడు; పక్షులను చూచుట అతనికి వ్యాపకము. 1900 తరువాత ఆ పక్షి ఎవరికిని కనపడలేదు. అది అంతరించినదనియే పుస్తకములు వ్రాసినవి. 1980లలో బొంబాయి సొసైటీ వారు బొమ్మ చూపి ఊరూర అడిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి ప్రాంతపు వేటగాడొకడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చినాడు. పుస్తకములు లేదన్న పక్షి ఆ పల్లెవారికి పేరుతో సహా తెలిసియే ఉన్నది! తరువాత దాని కొరకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది; తెలుగుగంగ కాలువ మార్గమును కూడ మార్చవలసి వచ్చినది. ఆ వేటగాని వంటి వాని మాట 50 ఏండ్ల ముందు ఎవరైనా కాగితముపై పెట్టియున్న యెడల అంతకాలము వెదుకులాట ఉండెడిది కాదు.

మన ఆడబిడ్డల సంగతి చూడండి. బతుకమ్మకు తంగేడు పూవు, గునుగు పూవు కావలెను. గునుగు జొన్న చేలలో, కంది చేలలో తనంతట తాను మొలచు మొక్క. మన పొలము లెక్కలో అది కలుపు. ఎవరి చేనిలో గునుగు ఎక్కువ ఉండునో ఇంటిలోని ఆడవారికి తెలిసినట్లు మనకు తెలియదు. పత్తి పెరిగి, కలుపు మందులు వచ్చినాక గునుగు కొరకు దూరము పోవలసి వచ్చుచున్నదని వారు చెప్పుచుండగా విన్నాను. సోదరీమణులారా, మీకు ఒక మనవి. ఈ ఏడు గంప నిండుటకు ఎన్ని చేలు తిరిగినారో, ఎంతసేపు పట్టినదో ఒక కాగితముపై వ్రాయండి. వచ్చే ఏడు మరల వ్రాయండి. ఐదు బతుకమ్మలు గడచునప్పటికి మా విశ్వవిద్యాలయములో ఎవరి వద్దను లేని లెక్క మీ వద్ద ఉండును.

పట్టము లేనివారు చేసిన పని

చదువు చాలదను సంకోచము వద్దు. మన దేశమున పక్షుల గురించి ఎక్కువ నేర్పినవాడు సలీం అలీ. విశ్వవిద్యాలయ పట్టము లేదని ఆయనకు ప్రభుత్వ ఉద్యోగము దొరకలేదు. 1930లో బొంబాయికి దగ్గరగా సముద్రతీరమున కిహీం అను ఊరిలో ఉండి, ఇంటి దగ్గరి చెట్టుపై గిజిగాని గూళ్ళను దినదినము చూచి వ్రాసినాడు. మగపక్షి గూడు సగము వరకు అల్లును. ఆడపక్షి వచ్చి లోపల చూచును. నచ్చినచో అందులో కాపురముండును; అప్పుడు మగది గూడు పూర్తి చేసి, మరొక గూడు మొదలుపెట్టును. మన బావుల మీది ఈతచెట్లకు వ్రేలాడు గూళ్ళలో కొన్ని సగము అల్లి విడిచినవి ఎందుకుండునో ఇప్పుడు తెలిసినది గదా! ఆ గూళ్ళను మనము తరతరములుగా చూచుచున్నాము. ఆయన చూచి, వ్రాసినాడు. తేడా అంతే.

మరుసటి సంవత్సరము, అనగా 1931–32లో, సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయముతో హైదరాబాదు రాజ్యమంతయు తిరిగి పక్షుల పట్టిక తయారు చేసినాడు. మన పాలమూరు అమ్రాబాద్ పీఠభూమి కూడ అందులో ఉన్నది. తొంబది ఏండ్ల క్రిందట ఈ ప్రాంతమున ఏ పక్షులుండెనో నేడు మనము చెప్పగలుగుచున్నామంటే, ఆ వ్రాత వలననే. 1980లో హైదరాబాదులో పక్షులను చూచుటయందు ఆసక్తి గలవారు ఒక సంఘము పెట్టుకొన్నారు. ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు ఆదివారములలో చెరువుల వెంట తిరిగి చూచినది వ్రాసి, "పిట్ట" అను చిన్న పత్రికలో వేసుకొన్నారు. ఆ సంఘము ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అను పేరుతో నడుచుచున్నది.

పాలపిట్ట చెప్పు సంగతి

ఇటువంటి వ్రాతలన్నియు ఒక చోట చేరిన ఏమగునో చెప్పెదను. 2023లో మన దేశపు పక్షుల స్థితిపై ఒక నివేదిక వెలువడినది. దానికి ఆధారము సుమారు 30,000 మంది సామాన్యులు వ్రాసి పంపిన 3 కోట్ల వివరములు. 942 జాతుల పక్షులను గూర్చి అందులో పరిశీలించినారు. నెమళ్ళు పెరిగినవని ఆ లెక్క చెప్పినది. అది మీకు నేను చెప్పనక్కరలేదు. మీ చేలే చెప్పుచున్నవి. కాని తగ్గుచున్న పక్షులలో మన పాలపిట్ట కూడ ఉన్నది.

పాలపిట్ట 2014 నుండి మన రాష్ట్ర పక్షి. దసరా నాడు దానిని చూడనిదే మనకు పండుగ పూర్తి కాదు. కరెంటు తీగపై, మోడుపై కూర్చుండి నేలను చూచుచుండును. మిడతను గాని, పెంకు పురుగును గాని చూచిన వెంటనే దిగి పట్టును. అది మన చేలపైన బ్రతుకు పక్షి. అట్టి పక్షి తగ్గుచున్నదంటే, చేలలో ఏదో మారుచున్నదని అర్థము. ఏమి మారినది? పురుగు మందులా? మోడులు, పాత చెట్లు కొట్టివేయుటయా? బీడులు పోవుటయా? దీనికి సమాధానము పట్నపు చెరువు గట్టున దొరకదు. ఇప్పటికి వచ్చిన వివరములలో ఎక్కువ భాగము పట్నముల చుట్టుప్రక్కల, పెద్ద చెరువుల వద్ద, అభయారణ్యములలో చూచినవి. పత్తి చేను, బత్తాయి తోట, వరి మడి, కంచె బీడు — ఇక్కడ చూచి వ్రాసినవారు బహు తక్కువ. ఆ ఖాళీ పూరించగలిగినవారు మీరే. రాబందు విషయములో మనము ఆలస్యమైనాము. పాలపిట్ట విషయములో ఇంకను సమయమున్నది.

ఇంకొక మాట. దసరాకు పాలపిట్టను పంజరములో పెట్టి డబ్బులకు చూపువారు అక్కడక్కడ కలరు. అది 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము నేరము. పంజరములోని పిట్టకు దక్షిణ ఇచ్చిన, మరుసటి ఏడు మరొక పిట్టను పట్టించినట్లే. గట్టు మీదికి పోయి చూడండి. చూచిన చోటు వ్రాయండి.

రైతుకు లాభమేమి?

"పిట్టలకు మేలు సరే, నాకేమి?" అని అడుగుట న్యాయమే. నాలుగు లాభములు చెప్పెదను.

మొదటిది, క్రొత్త శత్రువును ముందుగా పట్టుట. వయ్యారిభామ అను కలుపును మన దేశమున 1950లలో పుణె వద్ద గుర్తించినారు. నేడు అది లేని రోడ్డు ప్రక్క లేదు. అది పదిమొక్కలుగా ఉన్న నాడే ప్రతి ఊరిలో ఒకరు "ఈ మొక్క క్రొత్తది" అని గుర్తించి, పూత రాకముందే పీకించియున్న యెడల మన కూలి ఖర్చు ఎంత మిగిలెడిదో ఊహించండి. మొక్కజొన్నలో కత్తెర పురుగును 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ వద్ద మొదట గుర్తించినారు. కొద్ది నెలలలోనే అది మన రాష్ట్రములో కనపడినది. రాబోవు క్రొత్త పురుగును మొట్టమొదట చూచువాడు శాస్త్రజ్ఞుడు కాదు, రైతే. మునుపు చేనిలో ఏమేమి ఉండెనో వ్రాసుకొన్నవానికే క్రొత్తది క్రొత్తదిగా కనపడును.

రెండవది, మిత్రులను తెలుసుకొనుట. దున్నునపుడు వెనుక తిరుగు కొంగలు, పశువు వీపు మీద కూర్చుండు నల్ల ఏట్రింత, రాత్రివేళ ఎలుకలను పట్టు గుడ్లగూబ — ఇవి జీతము లేని పాలేర్లు. పత్తి, కంది చేలలో ఎకరాకు 8 నుండి 10 వరకు పక్షి స్థావరములు పెట్టుమని మేము చెప్పుచుంటిమి. పెట్టినాక వాటిపై ఏ పక్షి వ్రాలినది, ఏమి పట్టినది అని చూచినవారు ఎందరు? వారము రోజులు చూచి వ్రాసినచో, ఏ కర్ర ఏ చోట పెట్టిన పనికి వచ్చునో మీకే తెలియును.

మూడవది, నష్టమునకు సాక్ష్యము. అడవిపందులు, నెమళ్ళు, కోతులు చేసిన నష్టము గురించి మీరు అధికారులకు చెప్పినపుడు "ఎప్పుడు, ఎన్ని, ఎంత మేర?" అని అడుగుదురు. "రోజూ వస్తున్నయి సారూ" అను మాటకు బలము తక్కువ. "ఫలానా తేదీ రాత్రి 7 పందులు, తూర్పు వైపు 12 సాళ్ళు" అను వ్రాతకు, ఫోటోకు బలము ఎక్కువ.

నాల్గవది, కాలము మార్పును పట్టుకొనుట. వేప ఎప్పుడు పూచినది, మోదుగ ఎప్పుడు పూచినది, ఆరుద్ర పురుగు మొదట ఏ తేదీన కనపడినది, చాతకపక్షి ఏ వారము వచ్చినది — ఇవి పది ఏండ్లు వ్రాసిన, వానలు ముందుకు జరుగుచున్నవా, వెనుకకా అని మీ ఊరి మట్టుకు మీరే చెప్పగలరు.

ఎట్లు వ్రాయవలెను?

మీలో పలువురికి లెక్క వ్రాయుట అలవాటే. గులాబిరంగు పురుగుకు ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడినపుడే మందు ఆలోచించుమని చెప్పుచున్నాము గదా. అదే క్రమశిక్షణ ఇక్కడను కావలెను. ప్రతిసారి ఈ క్రింది వివరములు ఉండవలెను.

1. తేదీ, సమయము. కార్తె కూడ వేసిన మంచిది. కార్తెలు సూర్యుని గమనమును బట్టి వచ్చును గనుక ప్రతి ఏడు దాదాపు అదే తేదీకి వచ్చును, పోల్చుటకు సులభము.

2. స్థలము. ఊరు, చెలక పేరు, వీలైన సర్వే నంబరు.

3. ఎంతసేపు చూచినారు. ఇది ముఖ్యము. ఒకనాడు గంట, ఒకనాడు ఐదు నిమిషములు చూచి పోల్చిన లెక్క తప్పును. రోజుకు 15 నిమిషములు, ఒకే గట్టున, ఒకే వేళ చూడండి.

4. ఏమి చూచినారు, ఎన్ని. మీ ఊరి పేరే వ్రాయండి. ఇంగ్లీషు పేరు అక్కరలేదు. ఒక పక్షికి నల్లగొండలో ఒక పేరు, నాగర్‌కర్నూల్‌లో ఒక పేరు ఉండవచ్చును. మీ పేరు కూడ భద్రపరచదగిన సంగతియే.

5. అది ఏమి చేయుచుండెను. తినుచున్నదా, గూడు కట్టుచున్నదా, ఏ మొక్కపై ఉన్నది.

6. పేరు తెలియనిచో "తెలియదు" అని వ్రాసి, రంగు, పరిమాణము, ముక్కు లేక ఆకు ఆకారము వ్రాయండి. తెలియదని వ్రాయుట తప్పు కాదు. తెలియక తెలిసినట్లు వ్రాయుట తప్పు.

7. కనపడనిది కూడ వ్రాయండి. "పాలపిట్ట 0" అని వ్రాసిన పంక్తి వ్యర్థము కాదు. రాబందుల విషయములో మనకు లేకపోయినది సరిగ్గా ఈ సున్నయే.

ఉదాహరణకు ఒక పుట ఇట్లుండవచ్చును:

"జూన్ 9, మృగశిర. ఉదయము 6-15 నుండి 6-30 వరకు. పడమటి చెలక, బావి గట్టు. పాలపిట్ట 1, తీగపై, మిడతను పట్టినది. నల్ల ఏట్రింతలు 4, ట్రాక్టరు వెనుక. నెమళ్ళు 3, మాకంటె ముందే విత్తనముపై. ఆరుద్ర పురుగు 0. పసుపు పూల మొక్క 1, పేరు తెలియదు, ఆకులు ఎదురెదురుగా; ఫోటో తీసినాము."

ఇందులో గొప్ప చదువు ఏమున్నది? బడికి పోవు మీ పిల్లవాడు వ్రాయగలడు. వానిచేతనే వ్రాయించండి, చూపునది మీరు, వ్రాయునది వాడు. ఇద్దరికిని లాభమే.

వ్రాసినది ఎక్కడికి పోవలెను?

మొదట అది మీ ఇంటనే ఉండవలెను. చిన్న ఫోను ఉన్నవారు ఫోటో తీసిన, తేదీ, చోటు అందులోనే నిలిచియుండును. ఇష్టమైనవారు పక్షుల లెక్కలను ఈబర్డ్ అను చోట, మొక్కలు, పురుగుల ఫోటోలను ఐన్యాచురలిస్ట్ అను చోట పెట్టవచ్చును. పేరు తెలియనిదానికి అక్కడ తెలిసినవారు పేరు చెప్పుదురు. ప్రతి ఏడు ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతట పెరటి పక్షుల లెక్క జరుగును. మన దేశము 2013 నుండి అందులో పాల్గొనుచున్నది. 15 నిమిషములు చూచిన చాలును. కట్టంగూరు నుండి కూడ ఆ నాలుగు రోజులలో లెక్కలు పోవలెనని నా కోరిక.

ఊరికి ఒక పుస్తకము కూడ ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి గ్రామ పంచాయతీకి ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. ఊరిలోని చెట్లు, పశువులు, పక్షులు, పాత వంగడములు, మందు మొక్కలు అందులో ఎక్కవలెను. అది ఒక్కసారి నింపి బీరువాలో పెట్టునది కాదు. మీ నోటు పుస్తకములోని సంగతులు ఏడాదికొకసారి అందులో చేర్పించండి. పంట మీద ఎన్నడును చూడని పురుగు గాని, తెగులు గాని, కలుపు గాని కనపడినచో ఆలస్యము చేయక రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి గాని, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని చూపండి.

కొన్ని జాగ్రత్తలు

పామును దగ్గరకు పోయి చూడనక్కరలేదు; దూరమునుండి చూచినది చాలును. గూటిలో చేయి పెట్టవద్దు, గ్రుడ్లు తీయవద్దు. మొక్కను గుర్తించుటకు వేరుతో పీకవద్దు; ఒక కొమ్మ, ఒక పూవు, ఒక ఫోటో చాలును. తెలియని ఆకును రుచి చూడరాదు. అరుదైన జంతువు, పక్షి, గూడు ఉన్న చోటును ఫోనులో పదిమందికి పంపవద్దు. దాని వలన వేటగాండ్రు వత్తురు. అట్టి సంగతి అటవీ శాఖవారికి గాని, శాస్త్రజ్ఞునికి గాని మాత్రమే తెలుపవలెను.

ముగింపు

సోదరులారా, రాబందుల గురించి అడిగిన ఆ పెద్దయ్య ప్రశ్నకు నేను నేటికిని సమాధానము చెప్పలేను. ఎవరును చెప్పలేరు. కాని అటువంటి ప్రశ్నలు ముందు ముందు ఇంకను వచ్చును. 2050లో మీ మనవడు ఈ వేపచెట్టు క్రిందనే కూర్చుండి, "పాలపిట్టలు మన చెలకలో ఉండేవట, నిజమేనా? ఎప్పటిదాక ఉండేవి?" అని అడుగవచ్చును. అప్పుడు అతనికి దొరకవలసినది మన జ్ఞాపకము కాదు, తేదీ వేసిన పుట. ఇంకను మేలైన సంగతి, ఆ పుటలను చూచి మనము ముందే మేలుకొని, అతడు ఆ ప్రశ్న అడుగవలసిన అవసరమే రాకుండుట.

రేపు ఉదయము పొలమునకు పోవునపుడు జేబులో ఒక పెన్సిలు వేసుకొని పొండి. మొదటి పుటలో మొదటి పంక్తి రేపే వ్రాయండి. వచ్చే సదస్సుకు ఆ పుస్తకములను తీసుకొని రండి. ఆనాడు నేను మాట్లాడను. మీరు చదువుదురు, నేను వినెదను.